గుంటూరు కోడి వేపుడులోకి రిబేరా రెడ్ వైనా? ఆగండి!

(చేతిలో గ్లాసు, నేరుగా కెమెరాలోకి)

మొన్న శనివారం మా బావ ఇంట్లో భోజనం. మంచి రిబేరా దెల్ దువేరో బాటిల్ ఓపెన్ చేసి, పక్కన గుంటూరు కోడి వేపుడు పెట్టాడు. "ఘాటు కూరకి ఘాటు వైన్, అంతేగా?" అన్నాడు. రెండు గుక్కలకే చెవుల్లోంచి పొగలు. "ఏం వైన్ తెచ్చానో ఏంటో, మండిపోతోంది" అని తప్పంతా బాటిల్ మీదకి నెట్టేశాడు. పాపం, స్పెయిన్ నుంచి వచ్చింది ఈ మాట పడటానికా?

(స్టవ్ మీద టీ గిన్నె)

ఇది చూడండి. పాలు పోయని డికాషన్, బాగా మరిగింది. ఒక గుక్క తాగితే నాలుక పట్టేస్తుంది, చిగుళ్లని ఎవరో పొడిగుడ్డతో తుడిచినట్టుంటుంది. అదే వగరు. డికాషన్‌లోని టానిన్లు మన ఉమ్మిలోని ప్రొటీన్లను పట్టేసుకుంటాయి, నోట్లో జారుడు పోతుంది. ఇప్పుడు పాలు పోస్తున్నా. వగరు ఏమైంది? పాలలో ఉన్న ప్రొటీన్ ముందే టానిన్లకి దొరికిపోయింది. మీ ఉమ్మి జోలికి రావు.

రిబేరా అంటే ఆ డికాషన్. దానికి పాలు కావాలి, మిరపకాయలు కాదు.

అంత వగరు ఎక్కడిదంటే, ఉత్తర స్పెయిన్‌లో దువేరో నది పక్కన, ఇంచుమించు మన అరకు లోయంత ఎత్తులో ఉంటాయి తోటలు. ద్రాక్ష పేరు టెంప్రానీయో, అక్కడివాళ్లు టింటో ఫినో అంటారు. వేసవిలో పగలు మాడ్చేసే ఎండ, రాత్రి దుప్పటి కప్పుకునే చలి. ఎండకి తొక్క మందమై రంగూ టానిన్లూ బాగా పడతాయి, చలికి పులుపు నిలుస్తుంది. వేగా సిసిలియా లాంటి పేరున్న తోట 1864 నుంచీ ఉన్నా, ఆ ప్రాంతం పేరుకి అధికారిక గుర్తింపు వచ్చింది 1982లోనే.

మరి అక్కడివాళ్లు దేనితో తాగుతారు? అరండా దె దువేరో అనే ఊళ్లో కట్టెల పొయ్యిలో, మట్టి పళ్లెంలో పాలు తాగే గొర్రెపిల్లని కాలుస్తారు. మసాలా అంటే ఉప్పు, కాసిన్ని నీళ్లు. అంతే! మన అమ్మమ్మలు చూస్తే "ఇదేం వంటే, చప్పగా" అంటారు. పైన చర్మం అప్పడంలా కరకర, లోపల మాంసం వేలితో నొక్కితే విడిపోతుంది. పేరు లెచాసో. 'లెచె' అంటే స్పానిష్‌లో పాలు! నేను డికాషన్‌లో పాలు అని పోలిక చెబుతుంటే, వాళ్లు పళ్లెంలోనే పెట్టేసుకున్నారు. ఆ మాంసంలోని ప్రొటీన్, కొవ్వు కలిసి వగరు పని పట్టేస్తాయి.

ఇక బావ వేపుడు సంగతి. రిబేరాలో ఆల్కహాల్ 14 శాతం అటూ ఇటూ. మిరప కారం నోట్లో ఏ నరాలని మండిస్తుందో, ఆల్కహాల్ కూడా వాటినే రెచ్చగొడుతుంది. పచ్చిమిరపకాయ కొరికి, వెంటనే మరిగే డికాషన్ తాగినట్టు. ఇంకేం మిగులుతుంది!

అయ్యో, టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. లేబుల్ మీద క్రియాన్సా అని ఉంటే రెండేళ్లు నిలవ ఉంచింది, అందులో ఏడాది ఓక్ పీపాలో. రెసెర్వా అయితే మూడేళ్లు. గొర్రెపాల చీజ్, బియ్యం కూరిన బుర్గోస్ మోర్సియా సాసేజ్, రెండూ బాగా కుదురుతాయి. మనింట్లో అయితే బొగ్గుల మీద కాల్చిన మటన్ చాప్స్, కారం తగ్గించి. చేపల పులుసుతో వద్దు, నోట్లో ఇనుము నాకినట్టుంటుంది. 'రూమ్ టెంపరేచర్' అంటే హైదరాబాద్ మే నెల గది కాదు మహాప్రభో, 16 నుంచి 18 డిగ్రీలు. తాగేముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. బాటిల్ ఎక్కడ దొరుకుతుందని అడక్కండి, మన ఊళ్లో 'వైన్స్' అని బోర్డున్న చోట వైన్ తప్ప అన్నీ ఉంటాయి.

బావా, చూస్తున్నావా? ఆదివారం వస్తున్నా, మటన్ నేనే తెస్తా. నువ్వు కారం డబ్బా అటక మీద పెట్టు.