మోటారు దొరికింది సరే, సెంటర్ కుదిరిందా?

(పాలమూరులో రికార్డు చేసిన స్టూడియో చర్చ ఇది. పాల్గొన్నవారు: మహబూబ్‌నగర్‌లో కార్ల షెడ్డు నడిపే మెకానిక్, జడ్చర్లలో లేత్ పని చేసే టర్నర్, నల్గొండ నుంచి వచ్చిన ఎలక్ట్రికల్ లెక్చరర్, కొల్లాపూర్ మామిడి రైతు. పలకరింపులు, ప్రకటనల విరామాలు తీసేశాం.)

వ్యాఖ్యాత: ముందు రైతన్నతో మొదలుపెడదాం. మీ పాత మారుతి ఓమ్నీ వ్యానులో ఇంజను తీసేసి కరెంటు మోటారు పెట్టాలని ఎందుకనిపించింది?

రైతు: ఇంజను సిలిండర్లు అరిగి బోర్‌కు వచ్చిందండి. బండి బాడీ బాగుంది. తోటలో పెట్టెలు మోయడానికే కదా అని ఒక పాత మోటారు కొన్నా. గేర్‌బాక్స్ అలాగే ఉంచి దానికి బిగించమన్నా. బిగించారు. వారం కూడా నడవలేదు.

వ్యాఖ్యాత: ఏమైంది?

రైతు: మొదట కీచుమని సన్నగా చప్పుడు. తర్వాత యాక్సిలరేటర్ తొక్కితే మోటారు తిరుగుతోంది, బండి కదలదు. విప్పి చూస్తే లోపల ఎర్రటి పొడి రాలి ఉంది.

టర్నర్: ఎర్ర పొడా? (నవ్వు) ఇంక చెప్పాల్సిన పని లేదు తమ్మీ. సెంటర్ ఔటైంది, మోటారు షాఫ్టు, గేర్‌బాక్స్ షాఫ్టు ఒకే గీతలో లేవు.

వ్యాఖ్యాత: చూసేవాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి కాకా.

టర్నర్: గేర్‌బాక్స్ లోంచి ఒక షాఫ్టు బయటికి వస్తుంది, దాని మీద పొడుగ్గా పళ్లుంటాయి. స్ప్లైన్ అంటాం. ఆ పళ్ల మీదే క్లచ్ ప్లేటు కూర్చుంటుంది. మోటారు షాఫ్టుకేమో కీ గాడి ఉంటుంది. ఈ రెండింటినీ కలిపే ముక్కే కప్లింగ్. చాలామంది పాత క్లచ్ ప్లేటు నడిమి బొడ్డు కోసి, ఇనుప ముక్కకు వెల్డింగ్ కొట్టేస్తారు. వేడికి అది వంకర పోతుంది. కంటికి కనబడదు. నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగేటప్పుడు మాత్రం పళ్లు ఒకదానికొకటి రాసుకుని అరుగుతాయి. రాలేది ఆ ఇనుమే, తుప్పు రంగు తిరుగుతుంది.

రైతు: నాది వెల్డింగే కాకా.

టర్నర్: తెలుస్తూనే ఉంది.

వ్యాఖ్యాత: మరి ఎంత తేడా వరకు పర్వాలేదు?

టర్నర్: నేనైతే 0.05 మిల్లీమీటరు దాటనివ్వను. తల వెంట్రుక కన్నా సన్నం. మోటారు షాఫ్టుకు డయల్ గేజ్, అంటే సన్నటి తేడాను ముల్లుతో చూపే కొలత పరికరం, కట్టి, చేత్తో ఒక చుట్టు తిప్పుతూ బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందుండే గంట ఆకారపు డొప్ప) లోపలి అంచును చూడాలి. ముల్లు ఎంత ఊగితే దాంట్లో సగం తేడా ఉన్నట్టు. ఇంకో తప్పు కూడా చేస్తారు. మోటారుకు, గేర్‌బాక్స్‌కు మధ్యలో పెట్టే అల్యూమినియం ప్లేటును బోల్టులే సెంటర్‌లో నిలబెడతాయనుకుంటారు. బోల్టు బిగించడానికే, రంధ్రంలో దానికి సందుంటుంది. సెంటర్ చూసుకునేవి రంధ్రంలో సందు లేకుండా కూర్చునే డోవెల్ పిన్నులు. కంపెనీ ఇంజనుకు, గేర్‌బాక్స్‌కు మధ్య రెండు పిన్నులు పెట్టింది ఊరికే కాదు.

మెకానిక్: గేర్‌బాక్స్ షాఫ్టు ముక్కును కూడా మర్చిపోతారు. ఇంజనున్నప్పుడు అది ఫ్లైవీల్ (ఇంజను చివరుండే బరువైన చక్రం) మధ్యలో పైలట్ బేరింగ్‌లో కూర్చుంటుంది. ఇంజనుతో పాటు ఆ ఆధారం పోతుంది. కొత్త కప్లింగ్‌లో దానికి చోటివ్వకపోతే షాఫ్టు గాల్లో ఊగుతుంది.

వ్యాఖ్యాత: మేడమ్, అసలు ప్రశ్న. మోటారుకు గేర్లతో పనేముంది? ఎలక్ట్రిక్ కార్లలో గేర్లు మార్చడం లేదుగా?

లెక్చరర్: ఆ కార్ల మోటారును, దాని పళ్లచక్రాలను కలిపి లెక్కగట్టి చేస్తారు. మనం పాత బండికి దొరికిన మోటారు పెడుతున్నాం. ఓమ్నీకి వెనక చక్రాల డ్రైవ్, రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ వెనక ఇరుసులో ఉంది. కాబట్టి గేర్‌బాక్స్ తీసేసి మోటారును నేరుగా వెనక ఇరుసుకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టుకు కలపొచ్చు. మారుతి 800లో అది కుదరదు, డిఫరెన్షియల్ గేర్‌బాక్స్‌లోనే ఉంటుంది. కానీ పెట్టెలు నింపుకుని గట్టు ఎక్కాలంటే? సెకండ్ గేరు బలాన్ని రెండింతలకు పైగా చేస్తుంది. గేరు లేకపోతే ఆ బలమంతా మోటారే ఇవ్వాలి, కరెంటు రెండింతలు లాగుతుంది. తీగల్లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే నాలుగింతలు. మేలో మన దగ్గర 44, 45 డిగ్రీల ఎండలో ఆ మోటారు గతి ఆలోచించండి.

రైతు: అయితే గేర్‌బాక్స్ ఉంచడం మంచిదే అయింది.

లెక్చరర్: మంచిదే. క్లచ్ మాత్రం అక్కర్లేదంటాను.

మెకానిక్: అక్కడే నాకు కుదరదు మేడమ్. క్లచ్ లేకుండా గేరు ఎట్లా మారుస్తాడు?

లెక్చరర్: మోటారు ఆగిపోయే భయం లేదు కదా. ఆగి ఉన్నప్పుడు అసలు తిరగదు, ఐడ్లింగ్ లేదు. సెకండ్‌లో వేసి బయల్దేరొచ్చు, తోటలో మార్చే పనే ఉండదు.

మెకానిక్: తోటలో సరే. నడుస్తుంటే థర్డ్‌కు మార్చాలంటే? మోటారు లోపల తిరిగే రోటరు బరువైనది, దాని వేగం తగ్గించే పని పాపం గేర్ల వేగాలు కలిపే ఆ చిన్న సింక్రో రింగు మీద పడుతుంది. రెండు మూడు సెకన్లు ఆగి ఆగి వేయాలి. తొందరపడితే రింగులు పోతాయి.

లెక్చరర్: ఒప్పుకుంటా. కానీ మీరు క్లచ్ తొక్కిన ప్రతిసారీ ఆ తోపుడంతా మోటారు షాఫ్టు మీదికి పోతుంది. ఇంజను క్రాంకుకు దాన్ని ఓర్చుకునే థ్రస్ట్ బేరింగు ఉంటుంది. మామూలు మోటారు బేరింగులు తిరగడానికే గాని తోపుడుకు చేసినవి కావు.

(కాసేపు ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. వినిపించినంత రాశాం.)

మెకానిక్: ...ఆ మాట నిజమే. ఫ్లైవీల్ బరువు కూడా మోటారు ముక్కు మీద వేలాడుతుంది. నేను క్లచ్ ఉంచేది ఇంకో కారణానికి. గుంతలో చక్రం దిగి దెబ్బ తగిలితే ముందు క్లచ్ జారుతుంది, పళ్లు విరగవు.

టర్నర్: క్లచ్ ఉంచితే ఒక కొలత తప్పకూడదు. గేర్‌బాక్స్ ముఖం నుంచి ఫ్లైవీల్ వరకు ఇంజనున్నప్పుడు ఎంత దూరముందో, మోటారుతోనూ అంతే ఉండాలి. తేడా వస్తే పెడల్ పని చేయదు. ఇంజను దింపేముందే కొలిచి గోడ మీద రాసుకోవాలి. ఎవరూ కొలవరు! దింపి, పాత సామాన్ల వాడికి అమ్మేసి నా దగ్గరికొస్తారు.

రైతు: (నవ్వుతూ) నేనూ అమ్మేశా.

వ్యాఖ్యాత: ఈ బండి రోడ్డెక్కొచ్చా?

లెక్చరర్: ఇలా సొంతంగా చేసింది ఎక్కకూడదు. రోడ్డు మీదికైతే ఏఐఎస్-123 అనే వాహన ప్రమాణం ప్రకారం పరీక్ష నెగ్గిన కిట్ పెట్టించి, ఆర్సీలో ఇంధనం మార్పించుకోవాలి. వాక్యూమ్ బూస్టర్ బ్రేకులున్న బండి ఏదైనా, తోటలోనైనా సరే, విడిగా వాక్యూమ్ పంపు పెట్టండి. బూస్టర్‌కు సాయం ఇంజను పీల్పు నుంచే వస్తుంది, ఇంజను పోతే ఆ సాయం పోతుంది, బ్రేకు రాయిలా గట్టిపడుతుంది.

రైతు: కాకా, మధ్యలో రబ్బరు కప్లింగ్ పెడితే ఈ సెంటర్ గొడవ తప్పుతుందా?

టర్నర్: పంపుసెట్టుకు పెడతారే, అదా? కొంచెం ఓర్చుకుంటుంది. తప్పు చేసి దాని మీదేస్తే రబ్బరు కూడా పొడే అవుతుంది, ఈసారి నల్లగా.

రైతు: మరి కొలతలు రాసుకుని రానా?

టర్నర్: చీటీ వద్దు. గేర్‌బాక్స్, మోటారు రెండూ ఆటోలో వేసుకుని రా. ఆ వెల్డింగ్ ముక్క కూడా తే, కుర్రోళ్లకు చూపించాలి.