వాన కొలిచే సీసా

శ్రోతలందరికీ నమస్కారం.

2015 డిసెంబరు 1 రాత్రి, చెన్నై వరదల్లో, మేం ఆ ఊరి వేళచ్చేరిలో, మొదటి అంతస్తులో ఉన్నాం. కింది వాటా వాళ్లు బియ్యం మూటలతో సహా పైకొచ్చి మా ఇంట్లోనే తలదాచుకున్నారు. కరెంటు లేదు, ఫోన్లు పలకడం లేదు. నీళ్లు ఒక్కో మెట్టే ఎక్కి వస్తుంటే అయిదేళ్ల మా మనవడు టార్చి వేసి లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఏడో మెట్టు దగ్గర నీళ్లు ఆగాయి. వాడి భయం మాత్రం ఆగలేదు. ఆ తర్వాత మబ్బు పడితే చాలు, నా కొంగు పట్టుకుని బడికి పోనని ఏడ్చేవాడు. మరుసటి డిసెంబరులో వర్దా తుపానుకు మా వీధి చెట్లు కూలాక అది మరీ ముదిరింది.

వాతావరణం మారిపోతున్న ఈ కాలంలో పిల్లల పెంపకం గురించి మాట్లాడమంటే నాకు ముందు ఆ మెట్లే గుర్తొచ్చాయి. నేను శాస్త్రవేత్తను కాను. నెల్లూరు జిల్లాలో లెక్కలు చెప్పి రిటైరై, కొడుకు దగ్గరికి చెన్నై చేరినదాన్ని.

2021లో మన దేశంతో సహా పది దేశాల్లో, పదహారు నుంచి పాతికేళ్ల లోపు పదివేల మందిని అడిగితే, వాతావరణ మార్పు గురించి తీవ్రమైన ఆందోళన ఉందని 59 శాతం చెప్పారు. చిన్నపిల్లల దాకా ఆ సర్వే రాలేదు గానీ, వచ్చి ఉంటే మావాడు ముందు వరసలో నిలబడేవాడు. వాళ్ల బడిలో బొమ్మల పోటీ పెట్టి, మునిగిపోయిన చెన్నైని గీయమన్నారు! మునిగిన ఊళ్లోంచి బయటపడ్డ పిల్లాడి చేత మళ్లీ అదే గీయించడం నాకు నచ్చలేదు. అలాగని "ఏం కాదులే నాయనా" అనడమూ అబద్ధమే. పిల్లలు అబద్ధాన్ని ఇట్టే పసిగడతారు.

నాకు తెలిసిన విద్య లెక్కలొక్కటే. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న గాజు సీసా ఒకటి వెతికి, దానికి స్కేలు అంటించి, మిద్దె మీద గోడలకు దూరంగా పెట్టాం. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు కొలవడం, నోటుపుస్తకంలో రాయడం. వాతావరణ శాఖ వాళ్లు వాన లెక్క తీసేదీ ఎనిమిదిన్నరకే. చెన్నైలో వాళ్లు కొలిచే నుంగంబాక్కం, మీనంబాక్కం లెక్కలు వార్తల్లో రాగానే మావాడు తన అంకె పక్కన వేసుకునేవాడు. ఒకరోజు వాడే అడిగాడు, ఆ రాత్రి ఎంత పడిందని. తాంబరంలో 24 గంటల్లో 49 సెంటీమీటర్లని చెప్పాను. సీసా ఎత్తు చూశాడు, స్కేలు చూశాడు. "ఇందులో పట్టదు కదా నాయనమ్మా" అన్నాడు. ఆ వాన గురించి ఏడవకుండా మాట్లాడటం అదే మొదలు.

తర్వాత మిద్దె లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె అంటే దాదాపు 93 చదరపు మీటర్లు. సెంటీమీటరు వానకు 930 లీటర్లు, అంటే మా ఇంటి బిందెతో అరవైకి పైనే.

ఆ బిందెల విలువ 2019 ఎండాకాలంలో తెలిసింది. చెన్నైకి నీళ్లిచ్చే చెరువులు పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగూ ఎండిపోయాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు, ఒక్కో బండికి పాతిక లక్షల లీటర్లు. మేం ట్యాంకరు దగ్గర వరసలో నిలబడి ఉంటే మావాడు అడిగాడు: "ఆ రోజు మెట్లెక్కిన నీళ్లన్నీ ఎక్కడికి పోయాయి?"

నాలుగేళ్ల తేడాతో ముంపునూ కరువునూ చూసిన పిల్లాడికి ఇంతకంటే మంచి ప్రశ్న ఏముంటుంది? మా ఇంటికి దగ్గర్లోని పళ్లికరణై చిత్తడి నేలకు తీసుకెళ్లాను. రోడ్డు పక్కనే చెత్త దిబ్బ, ఆ పక్కనే గూడబాతులు. ఒకప్పుడు దాదాపు అయిదు వేల హెక్టార్లు ఉండేది. 2022లో రామ్‌సార్ జాబితాకు, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాకు, ఎక్కింది 1,247 హెక్టార్లే. వాన నీటిని పీల్చి నిలుపుకునే నేల అది. "అయితే మన అపార్టుమెంటు కూడా నీళ్ల చోటులోనే ఉందా?" అన్నాడు. మా అబ్బాయి నా మొహం చూశాడు, నేను గూడబాతుల్ని చూశాను. చివరికి "అవును" అన్నాను.

ఇంటికొచ్చి ఇంకుడు గుంత మూత తీయించాం. తమిళనాడులో 2003 నుంచి ప్రతి భవనానికీ వాన నీటి ఏర్పాటు తప్పనిసరి. మాకూ ఉంది, నిండా మట్టితో! పెద్దవాళ్లు దిగి తవ్వారు, పిల్లలు తట్టలు అందుకున్నారు. ఆ సెలవుల్లో మా ఊరు వెళుతూ కండలేరు జలాశయం చూపించాను. కృష్ణ నీళ్లు శ్రీశైలం నుంచి సోమశిలకు, అక్కణ్ణుంచి కండలేరుకు, కాలువ పట్టుకుని పూండికి వస్తాయి. మద్రాసు కొళాయిలో మన కృష్ణమ్మ కూడా ఉందని తెలిశాక పళ్లు తోముతూ కొళాయి వదిలేయడం వాడంతట వాడే మానేశాడు. నేను ఎన్నాళ్లు అరిచినా మాననివాడు.

ఇక తాబేళ్లు. జనవరి నుంచి కొన్ని నెలలు ఆలివ్ రిడ్లే తాబేళ్లు చెన్నై ఇసుకలో గుడ్లు పెడతాయి, ఒక్కో గూటిలో నూరు దాకా. 1988 నుంచి ఇక్కడి విద్యార్థులు రాత్రిళ్లు తీరం వెంట నడిచి ఆ గుడ్లు ఏరి, కంచె వేసిన చోట పూడ్చి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతున్నారు. వాళ్లతో మావాడూ నడిచాడు. తాబేలు ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుందని అక్కడే విన్నాడు. ముప్పై డిగ్రీలు దాటితే ఎక్కువగా ఆడపిల్లలే. "అన్నీ ఆడవే అయితే?" అని ఇంటిదాకా అడుగుతూనే ఉన్నాడు. పైన పందిరి వేసి ఇసుకను చల్లబరచడం ఒక పద్ధతి అని చెప్పాను. అదొక్కటే చాలుతుందని మాత్రం చెప్పలేదు.

2025 జనవరిలో వందల తాబేళ్లు చచ్చి ఈ తీరానికే కొట్టుకొచ్చాయి. అవి ఊపిరి కోసం పైకి రావాలి, ట్రాలర్ల, అంటే చేపల వేట మరపడవల, వలల్లో చిక్కితే రాలేవు. మావాడు ఆ పొద్దున చూసొచ్చి అన్నం తినలేదు. నేను ఓదార్చలేదు, పక్కన కూర్చున్నాను. ఆ తర్వాతి శనివారం రాత్రి టార్చిలో బ్యాటరీలు మార్చుకుని మళ్లీ నడవడానికి పోయాడు.

సీసా ఇప్పుడు వాడి చెల్లెలిది. మొన్న రాత్రంతా ఉరుములు. ఎనిమిదిన్నరకు మిద్దె మీంచి కేకేసింది: "నాయనమ్మా, నలభై రెండు మిల్లీమీటర్లు!" వాడు గదిలోంచే అరిచాడు: "కళ్లు నీళ్ల మట్టానికి పెట్టి చూశావా, పైనుంచి చూశావా?" పైనుంచే చూసిందట. మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ చూస్తే ముప్పై తొమ్మిది.