ఫోటోలో కనపడని వైపు

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఏడు అక్కడే అయిపోతాయి. మొన్న ఉగాదికి ఒకాయన అలాగే చేశాడు, చివరికి చదువుదామని తెచ్చుకున్న పద్యం చదవకుండానే దిగిపోయాడు. అందుకని అందరికీ కలిపి ఒకే నమస్కారం.

కార్యదర్శిగారు నన్ను వేటవీరుడని పరిచయం చేశారు. నేను నంద్యాల, నందికొట్కూరు పక్క వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. డెన్వర్‌లో అమ్మాయి ఇంటికి వేసవికి వచ్చి చలికి ముందు వెళ్ళిపోతుంటాను. నేను వేటాడింది ఒక్కసారి, 2019లో. కొట్టింది ఒక్క ప్రాంగ్‌హార్న్‌ని, ఇక్కడి మైదానాల్లో జింకలా కనపడే జంతువుని. ఆ ఒక్కటి కూడా సరిగ్గా కొట్టలేదు. వీరుడి సంగతి అదీ.

ఈ ఏడు మన సంఘంలో ఇద్దరు కుర్రాళ్ళకి వయోమింగ్ రాష్ట్రం వేట అనుమతులకి తీసే లాటరీలో, అదే డ్రాలో, ప్రాంగ్‌హార్న్ ట్యాగులు తగిలాయట. ట్యాగంటే ఒక జంతువుని కొట్టడానికిచ్చే అనుమతి చీటీ. మొదటిసారి గైడుతో వెళ్ళేవాళ్ళు ఏం చూసుకోవాలో చెప్పమన్నారు. శాకాహారులు లేచి వెళ్ళనక్కర్లేదు, ఈ కథలో మాంసం పెద్దగా లేదు. అసలు ఆ సంగతి చెప్పడానికే వచ్చాను.

ముందు జంతువు. ఇక్కడివాళ్ళు దాన్ని యాంటిలోప్ అంటారు గానీ అది మన జింకల వంశం కాదు, ఆ కుటుంబంలో మిగిలింది అదొక్కటే. బతికున్న చుట్టాల్లో దగ్గరివాళ్ళెవరంటే జిరాఫీలు. కొమ్ముకి లోపల ఎముక, పైన గోరులాంటి తొడుగు. ఆ తొడుగు ఏటా ఊడి మళ్ళీ వస్తుంది. మగదానికి చెంప కింద నల్లమచ్చ ఉంటుంది, ఆడదానికి ఉండదు. ఆడవాటిలో కొన్నిటికి చిన్న కొమ్ములుంటాయి కాబట్టి కొమ్ము చూసి మోసపోకండి, చెంప చూడండి. గంటకు 90 కిలోమీటర్ల దాకా పరిగెత్తుతుంది. ఇవాళ ఈ ఖండంలో దాన్ని అంత వేగంగా తరమగల మృగం లేదు. మరి ఎందుకా పరుగు? ఎప్పుడో అంతరించిన ఇక్కడి చీతాలాంటి జంతువు నేర్పిన పరుగని కొందరు శాస్త్రవేత్తలంటారు. నాకు ఆ మాట వినగానే రోళ్ళపాడు గుర్తొచ్చింది.

రోళ్ళపాడు తెలుసు కదా, మా నందికొట్కూరు వైపుది? బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. పిట్టలు తగ్గాయి, కృష్ణజింకలు పెరిగాయి. పాతవాళ్ళు మగదాన్ని ఇర్రి అంటారు, ఆడదాన్ని లేడి అంటారు. వేరుశనగ మొలకెత్తిన వారానికి మంద దిగిందంటే రైతు మళ్ళీ విత్తుకోవాల్సిందే. రైతులు నా ఆఫీసుకొచ్చి నా బల్ల మీద కొరికిన మొక్కలు పెట్టేవాళ్ళు. నేనేం చెయ్యను? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూలు జంతువు, ముట్టుకుంటే జైలు. ఆంధ్రప్రదేశ్‌కి రాష్ట్ర జంతువు కూడానూ. అది కూడా ఒకప్పుడు మన దేశంలో లేకుండా పోయిన చీతాని తలుచుకునే ఇంకా పరిగెత్తుతోంది. ఇంకో విడ్డూరం, 1932లో మన కృష్ణజింకల్ని టెక్సాస్‌కి తీసుకొచ్చారు. అక్కడ డబ్బు కట్టి వేటాడతారు. మా రైతులకి ఆ మాట చెబితే నన్ను ఊళ్ళోకి రానివ్వరు.

సరే, కాగితాలు. ఇది జాగ్రత్తగా వినండి, ముఖ్యంగా హెచ్-1 మీద ఉన్నవాళ్ళు. వలసేతర వీసా మీద ఉన్నవాడు ఈ దేశంలో తుపాకీ చేతిలో పట్టుకోవడమే ఫెడరల్ నేరం. ఒక మినహాయింపు ఏమిటంటే, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండాలి. అంటే లైసెన్సు రాకముందే "ఒకసారి షూటింగ్ రేంజికెళ్ళి సరదాగా పేల్చి వద్దాం" అనకూడదు. గ్రీన్ కార్డు వాళ్ళకి ఈ బెడద లేదు. రెండోది, 1966 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వయోమింగ్‌లో వేటాడాలంటే హంటర్ సేఫ్టీ కోర్సు చేసిన సర్టిఫికెట్ ఉండాలి. నేను 1957 వాణ్ణి, నాకు అక్కర్లేకపోయింది. అక్కర్లేదు కదా అని చెయ్యలేదు. చేసి ఉండాల్సింది. కొలరాడోలో అయితే ఆ తేదీ 1949 దగ్గరే ఉంది, నాకూ తప్పేది కాదు.

డ్రా గురించి మీకు తెలిసిందే, దరఖాస్తు జూన్ మొదటికల్లా, ఫలితం జూన్‌లోనే. ట్యాగు ఒక ఏరియాకే చెల్లుతుంది, గీత దాటితే చెల్లదు. తేలిగ్గా ట్యాగు దొరికే ఏరియా అంటే సంతోషపడకండి. చాలావాటిలో భూమంతా ర్యాంచర్లది, అంటే పశువుల్ని మేపుకునే ప్రైవేటు యజమానులది, ట్యాగుంటుంది, కాలు పెట్టే చోటుండదు. ప్రాంగ్‌హార్న్ వేటకి గైడు ఉండి తీరాలని చట్టం లేదు. వయోమింగ్‌లో బయటి రాష్ట్రం వాడికి గైడు తప్పనిసరయ్యేది ఫెడరల్ వైల్డర్‌నెస్ అనే రక్షిత ప్రాంతాల్లో పెద్ద జంతువుల వేటకి. ఇది మైదానాల జంతువు. మనం గైడుకి కట్టేది ఎక్కువగా ఆ ర్యాంచర్ల గేటు తాళం కోసం. గైడుకి రాష్ట్ర బోర్డు లైసెన్సుందో లేదో చూసుకోండి. ఇంకొకటి, 2022-23 చలికాలం అక్కడ ప్రాంగ్‌హార్న్‌లని ఊచకోత కోసింది, ట్యాగులు వేలల్లో తగ్గించారు. పాత వీడియోలు చూసి ఆశలు పెట్టుకోకండి. నూరేళ్ళ కింద కొన్ని వేలకి పడిపోయిన జంతువు మళ్ళీ లక్షల్లోకి వచ్చిందంటే, వేటగాళ్ళ లైసెన్సు డబ్బుకీ, 1937 చట్టం వన్యప్రాణుల కోసం కేటాయించిన తుపాకుల, తూటాల పన్నుకీ అందులో పెద్ద వాటా ఉంది. అది ఒప్పుకోవాలి. ఇక...

గైడుని అడగాల్సిన ప్రశ్నలని ఇక్కడ పన్నెండు రాసుకొచ్చాను. ఇప్పుడు చూస్తే అన్నీ చదవాలనిపించడం లేదు. వెనకాల తెర మీద నా ఫోటో వేశారు కదా, ఒకసారి అందరూ చూడండి. బాగుంది కదూ? నారింజ టోపీ, మోకాళ్ళ మీద కూర్చున్నాను, చేతిలో కొమ్ములు, వెనక కొండ. మా వియ్యంకుడు దీన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు. ఈ ఫోటోలో ఒక వైపే కనపడుతుంది. రెండో వైపు చెబుతాను.

2019 సెప్టెంబరు చివర్లో, వయోమింగ్‌లో కాస్పర్ ఊరు దాటి పైకి. గైడుకి 2,400 డాలర్లు, సగం ముందే. రైఫిలు ఆయనదే. నేను జులైలో, ఆగస్టులో లైసెన్సు జేబులో పెట్టుకుని మా పక్కింటాయనతో రేంజికి వెళ్ళాను. బల్ల మీద ఇసుక సంచి, దాని మీద రైఫిలు, వంద గజాలు. అన్నీ ఒకే చోట పడుతున్నాయి. పక్కింటాయన అన్నాడు, "బల్లని వయోమింగ్‌కి మోసుకెళ్తావా?" అని. నవ్వేశాను. మన గజమే వాళ్ళ యార్డు, కాబట్టి లెక్కలో తేడా రాలేదు. బుద్ధిలో వచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి ఒక మంద కనపడింది. పద్నాలుగు ఆడవి, ఒక మగది. పాకుతూ వెళ్ళాం. అక్కడ నేలంతా నాగజెముడే, మనది నడుమెత్తు ఉంటుంది, అక్కడిది చెప్పు కింద దాక్కుంటుంది. రెండు మోకాళ్ళకీ ముళ్ళు దిగాయి. మోకాళ్ళకి కట్టుకునే ప్యాడ్లు కొనండి, పది, పదిహేను డాలర్లకి వస్తాయి. గైడు దూరం కొలిచే రేంజ్ ఫైండర్ చూసి 190 గజాలన్నాడు. నేను ఊపిరి సర్దుకునేలోపు ఒక ఆడది మా వైపు చూసింది. వెనక తెల్ల వెంట్రుకలు పువ్వులా విచ్చుకున్నాయి. అంతే, మందంతా కదిలింది. ఆగినచోట మళ్ళీ చూశాడు. 340.

ఎడమ నుంచి గాలి. గడ్డి నేలకి ఒరిగిపోతోంది. నా ముందున్నది రెండు కర్రల స్టాండు, నా ఊపిరికి గురిచుక్క జంతువు వీపు నుంచి కాళ్ళదాకా ఊగుతోంది. గైడు చెవిలో అంటున్నాడు, "కొట్టు సార్, నీ వల్ల అవుతుంది, రేపు గాలి ఇంకా ఎక్కువ." నాకు తెలుసు నా వల్ల కాదని. ఆ ముక్క ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక కాదు. కట్టిన డబ్బు గుర్తొచ్చింది. పాకిన దూరం గుర్తొచ్చింది. ఆయన ముందు చిన్నబోతానేమో అనిపించింది. కొట్టాను.

తడి గోనెసంచి మీద కర్రతో కొట్టినట్టు చప్పుడు. గైడు ఏమీ అనలేదు. ఆ చప్పుడు ఆయనకి అర్థమైంది. పొట్ట.

మంద పరిగెత్తింది. ప్రాంగ్‌హార్న్ కంచెలు దూకదు, తెలుసా? దూకగలదు, కానీ దాదాపుగా దూకదు, కింద తీగ కిందనుంచి దూరి పోతుంది. అందుకే ఈమధ్య కింది తీగని ముళ్ళు లేకుండా, కాస్త ఎత్తుగా కట్టిస్తున్నారు. ఇది పాత కంచె. పద్నాలుగూ ఒకదాని వెనక ఒకటి నీళ్ళు జారినట్టు దూరిపోయాయి. ఇది వంగింది, లేచింది. మళ్ళీ వంగింది. పొట్ట నేలకి ఆనించలేకపోతోంది. మూడోసారికి దూరింది. మేం వెళ్ళి చూస్తే ముల్లుకి ఒక పిడికెడు తెల్ల వెంట్రుకలు, వాటి చివర ఎరుపు.

కంచె అవతల భూమి ఇంకొకరిది. అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, దెబ్బ తిన్న జంతువు కోసమైనా సరే. గైడు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. మేం కంచె ఇవతల నిలబడి ఉన్నాం, అది అవతల మూడొందల గజాల్లో తల వంచుకుని నిలబడి ఉంది. గంటా పది నిమిషాలు. ఆయన ఫోన్ ఎత్తేసరికి పొద్దు గుంకింది. చీకట్లో రాత్రి తొమ్మిది దాకా వెతికాం, దొరకలేదు.

పొద్దున దొరికింది. కయోటీలు, అదే ఇక్కడి నక్కల్లాంటివి, మా కంటే ముందే వెళ్ళాయి. వెనక రెండు తొడలూ లేవు. గైడు తన పని చాలా శ్రద్ధగా చేశాడు. మూతి తుడిచాడు, నాలుక లోపలికి నెట్టాడు, తిన్న వైపు కొండకి తిప్పాడు, సేజ్ అనే పొద కొమ్మ ఒకటి విరిచి పొట్టకి అడ్డం పెట్టాడు. నన్ను నవ్వమన్నాడు. అదిగో, నవ్వుతున్నాను. నా ఎడమ మోకాలి దగ్గర ఆ కొమ్మ కనపడుతోందా? అదే.

ముందు జబ్బలు రెండూ, మెడ తీసుకున్నాం. అంతా కలిపి తొమ్మిది పౌన్లు. లైసెన్సు 326, గైడు 2,400, పెట్రోలు, మోటలు. పౌను మూడొందల పైచిలుకు పడింది. మా ఆవిడ అంది, "ఆ డబ్బుకి నందికొట్కూరులో పొట్టేళ్ళ మంద వచ్చేది, ఏ జీవాన్నీ రాత్రంతా నిలబెట్టకుండా." ఆవిడ అన్న రెండో సగానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ.

గైడు పేరు అడగొద్దు, కిందటిసారి కూడా ఇద్దరు అడిగారు. తొందరపెట్టింది ఆయన, నొక్కింది నా వేలు.

కాబట్టి పన్నెండు ప్రశ్నల్లో మూడే చెబుతాను. మీ ఇద్దరూ అడ్వాన్సు కట్టేముందు గైడుని ఇవి అడగండి. కంచె అవతల ఎవరు, వాళ్ళ అనుమతి ముందే తీసుకుని ఉంచుతావా? గాయపడ్డది దొరక్కపోతే ఏమిటి? నా కాంట్రాక్టులో, రక్తం కనపడితే అది నీ జంతువే, దొరక్కపోయినా నీ వేట అయిపోయినట్టే అని ఉంది, నేను సంతకం పెట్టాక చదివాను. నిజానికి అది మంచి షరతు. మూడోది, నేను 200 గజాలు దాటి కొట్టనంటే నాతో మూడు రోజులూ ఓపిగ్గా ఉంటావా? ఈ మూడోదానికి అవతలివాడు నవ్వితే ఫోన్ పెట్టెయ్యండి. సూటిగా కొట్టగలిగితే చర్మం వెంటనే తీసి మాంసం చల్లబరచండి. సెప్టెంబరు ఎండకి ట్రక్కులో వేసుకుని ఊరేగిస్తే మాంసానికి ఒక వాసన పడుతుంది, అందరూ సేజ్ వాసన అనేది దాన్నే.

200 అనే అంకె నాది. మీది మీరు తేల్చుకోవాలి. కుర్చీలో కాదు. పడుకుని, కూర్చుని, పరిగెత్తి వచ్చి రొప్పుతూ. పేపర్ ప్లేటు పెట్టండి, ఐదుకి ఐదూ అందులో పడాలి. నాలుగు పడితే ఆ దూరం మీది కాదు.

కార్యదర్శిగారు చెయ్యి ఊపుతున్నారు, పులిహోర చల్లారుతోందని అనుకుంటాను. అయిపోయింది. మీ ఇద్దరూ శనివారం ఏడింటికి మా ఇంటికి రండి. పక్కింటాయన వస్తాడు, రైఫిలు ఆయనదే. హెచ్-1 అబ్బాయి వయోమింగ్ లైసెన్సు జేబులో పెట్టుకుని రావాలి, లేకపోతే కారు దిగనివ్వను. ఈ ఏడు నాకు లైసెన్సు లేదు, కాబట్టి నేను తుపాకీ ముట్టుకోను. పక్కన కూర్చుని ప్లేటుకి పడ్డ చిల్లులు లెక్కపెడతాను. మోకాళ్ళ ప్యాడ్లు మర్చిపోవద్దు.

ఆ ప్రొజెక్టరు ఆపండి నాయనా.