హార్బర్ బయట ఘాజీ

అందరికీ నమస్కారం. మన వైజాగ్ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఎక్కనివాళ్లు ఈ హాల్లో ఎవరూ ఉండరనుకుంటా. టికెట్ కొని, తల వంచుకుని ఒక్కో గది దాటి, అవతలివైపు దిగి ఉంటారు. దాని పొడవు 91 మీటర్లు. దానికంటే కాస్త పొడవైనది, 95 మీటర్లది, మన హార్బర్ బయట బురదలో కూరుకుపోయి ఉంది. పది నిమిషాలకే కురుసురలో మనకు ఉక్కపోస్తుంది. అందులో 90 మందికి పైగా చనిపోయారు. చాలామంది ఇంకా అక్కడే ఉన్నారు.

అది పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ. అమెరికా నేవీలో ఉన్నప్పుడు దాని పేరు డయాబ్లో. 1971 నవంబర్ 14న కరాచీలో బయల్దేరి ఇంత దూరం వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం.

విక్రాంత్ ఇక్కడ ఉంటేగా! దాన్ని అప్పటికే అండమాన్ చాటుకు పంపేశారు. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ మాత్రం అది ఇక్కడే ఉందని నమ్మించారు. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ని సముద్రంలోకి పంపి, విక్రాంత్ మాట్లాడుతున్నట్టే వైర్‌లెస్ మోగించారు. కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు పెద్ద ఎత్తున ఆర్డర్ ఇచ్చారు. విక్రాంత్ నావికుడొకడు ఇంట్లో అమ్మకు ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నట్టు ఓ మెసేజ్ కూడా వదిలారు. దానికి కోడ్ లేదు, శత్రువు వినాలనే పంపారు. తల్లి జబ్బు ఎరగా మారింది. తెలివే, కాదనను. తలుచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటింది. ప్రధాని ఇందిరాగాంధీ ప్రసంగం కోసం జనం రేడియోల దగ్గర ఉన్నారు. పెద్ద పేలుడు, కిటికీ అద్దాలు గడగడలాడాయి. హార్బర్ నుంచి బయటికొస్తున్న రాజ్‌పుత్ నీళ్లలో కదలిక చూసి డెప్త్ ఛార్జ్‌లు, అంటే నీళ్లలో పేలే బాంబులు, వేసిందనీ, వాటితోనే ఘాజీ పోయిందనీ మనవాళ్ల మాట. తను పెట్టిన మైన్‌కే తను బలైందనో, లోపలే ఏదో పేలిందనో పాకిస్తాన్ వైపు మాట. అప్పటి మన రికార్డులు తర్వాత ధ్వంసమయ్యాయని 2010లో పత్రికల్లో వచ్చింది. కాగితాలు పోయాక సాక్ష్యం చెప్పాల్సింది ఆ ఇనుమే. దాని మీదా ఏటేటా బురద పేరుకుంటోంది.

ఇంకో మాట. మన తీరంలో మునిగింది ఇదొక్కటే కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 ఫిబ్రవరిలో, ఆర్‌ఓ-110 అనే జపాన్ సబ్‌మెరైన్ కూడా వైజాగ్ తీరానికి అవతలే మునిగింది. దాని కోసం ఇక్కడ ఎవరూ మెమోరియల్ కట్టలేదు, సినిమా తీయలేదు.

ఈసారి కురుసుర ఎక్కితే, ముందువైపు టార్పెడోల గదిలో కాసేపు ఆగండి. ఘాజీ చీలిపోయింది ఆ వైపే.