కావాలని జపాన్‌లో ఖైదీ అయిన కుర్రాడు

[మ్యాప్: హొక్కైడో]

1848 జూన్ నెలాఖరు. జపాన్‌కి ఉత్తరాన సముద్రంలో ప్లిమత్ అనే అమెరికన్ తిమింగలాల వేట ఓడ ఉంది, అందులోంచి 24 ఏళ్ళ కుర్రాడొకడు కెప్టెన్‌తో ముందే మాట్లాడుకుని, చిన్న పడవలో ఒక్కడే దిగిపోయాడు. పేరు రానాల్డ్ మెక్‌డొనాల్డ్. అప్పటి జపాన్‌లో యూరప్ వాళ్ళలో ఒక్క డచ్ వాళ్ళకే ఎంట్రీ, అదీ నాగసాకిలో డెజిమా అనే బుల్లి దీవి దాటకూడదు, ఇంకెవరొచ్చినా పట్టుకోవడమే. ఇదంతా తెలిసే వెళ్ళాడు మనోడు!

తల్లి ఉత్తర అమెరికా ఆదివాసీల్లో చినూక్ అనే తెగ నాయకుడి కూతురు, తండ్రి స్కాట్లండ్ వాడు, హడ్సన్స్ బే అనే బొచ్చుతోళ్ళ వ్యాపార కంపెనీలో ఉద్యోగం. కొడుకుని బ్యాంకులో గుమాస్తాగా పెడితే అక్కడ ఇమడలేక ఓడెక్కేశాడు. అమ్మ తరపు వాళ్ళకీ జపాన్ వాళ్ళకీ ఎక్కడో చుట్టరికం ఉందని అతని నమ్మకం.

ఓడ మునిగి కొట్టుకొచ్చినట్టు నాటకమాడి రిషిరి దీవి చేరాడు. అక్కడి ఐనూ జనం (ఉత్తర జపాన్ ఆదివాసీలు) బాగానే చూసుకున్నారు, తర్వాత అధికారుల చేతికి, అక్టోబర్‌కి నాగసాకికి. అక్కడ విచారణ, ఆ పైన ఒక గుడి ఆవరణలో చెక్క ఊచల గది.

[ఊచల గది బొమ్మ]

అసలు కథ ఈ గదిలోనే. డచ్ బాగా వచ్చిన 14 మంది దుబాసీలు ఇంగ్లీష్ కోసం ఇతని దగ్గరికొచ్చేవాళ్ళు, ఒక్కొక్కళ్ళూ పైకి చదవడం, ఇతను ఉచ్చారణ సరిచేసి తనకొచ్చిన కాస్త జపనీస్‌లో అర్థం చెప్పడం. "ల" శబ్దం దగ్గర మాత్రం వాళ్ళకి చుక్కలు కనిపించేవి. ఇతను కూడా ఊరికే కూర్చోలేదు, చెవినపడ్డ జపనీస్ మాటలన్నీ రాసిపెట్టుకున్నాడు. ఇంటర్నెట్‌లో ఇతన్ని జపాన్ తొలి ఇంగ్లీష్ టీచర్ అనేస్తుంటారు గానీ, 1809లోనే బ్లామ్‌హాఫ్ అనే డచ్ ఆయన నాగసాకిలో ఇంగ్లీష్ చెప్పాడు. ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్ళలో ఇతను మొదటివాడు, అంతవరకే.

1849 ఏప్రిల్‌లో ప్రెబుల్ అనే అమెరికన్ యుద్ధనౌక వచ్చింది. నాకు బాగా నచ్చిన ముక్క ఇదే. ఆ నౌక కమాండర్‌ది ఏ స్థాయి, మీ దేశంలో అందరికంటే పైవాడి నుంచి వరసగా చెప్పు అని జపాన్ వాళ్ళు ఇతన్ని అడిగారు, ఎందుకంటే ఎవరికెంత మర్యాద ఇవ్వాలన్నది హోదాని బట్టే కదా అక్కడ. ఇతను "మొదట ప్రజలు" అన్నాడు. వాళ్ళకి బుర్రకెక్కలేదు, జనం పైన ఉండటమేంటి? సరే అని ప్రెసిడెంట్, నేవీ సెక్రటరీ, కమొడోర్, కెప్టెన్ అంటూ దిగుతూ వస్తే అప్పుడు అర్థమైంది. అదే ఓడలో ఇతను వెళ్ళిపోయాడు.

శిష్యుల్లో గట్టివాడు మొరియామా ఎయినొసుకే. 1854లో అమెరికా నౌకాదళం అధికారి కమొడోర్ పెర్రీ జపాన్‌తో ఒప్పందం కోసం వచ్చినప్పుడు జపాన్ తరఫున ముఖ్య దుబాసీ ఇతనే. మంతనాలు ఎక్కువ శాతం డచ్‌లోనే నడిచాయి, అది నిజం. కానీ పెర్రీతో వచ్చిన దుబాసీ విలియమ్స్ మొరియామా ఇంగ్లీష్ విని, ఇతనుంటే ఇంకో దుబాసీతో పని లేదని రాసుకున్నాడు.