చెవితో తీసే ఫోటో

అందరికీ నమస్కారం.

మన ఊళ్లలో త్యాగరాజ ఆరాధనోత్సవాలకి గుడి మంటపంలో సాయంత్రం కచేరీ పెడతారు. పైన రెండు ట్యూబ్‌లైట్లు, పక్కన ఒక పసుపు బల్బు, స్వామి పటం ముందు దీపం. వెలుతురంటే అంతే. గాయని ముఖం సగం నీడలో ఉంటుంది, మైకు సరిగ్గా నోటికి అడ్డం వస్తుంది. ఈ రోజు నేను మాట్లాడేది అలాంటి చోట ఫోటో తీయడం గురించే.

ముందు ఫ్లాష్ సంగతి. వద్దు. మొదటి రోజుల్లో నేను ఒక్కసారి వాడాను. ఒక పెద్దాయన కళ్లు మూసుకుని కల్యాణి రాగం ఆలాపన చేస్తున్నారు. ఫ్లాష్ వెలగ్గానే ఆయన రెప్పలు అదిరాయి, గొంతు ఆగింది. మళ్లీ అందుకున్నారు గానీ, ముందు వరుసలోని పెద్దావిడ వెనక్కి తిరిగి చూసిన చూపు ఇంకా నా కళ్లముందే ఉంది. మళ్లీ ఎప్పుడూ కచేరీకి ఫ్లాష్ తీసుకెళ్లలేదు.

లెన్స్ ఎంత తెరుచుకుంటుందో ఎఫ్ అంకె చెబుతుంది, అది ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు. కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ జూమ్ చేస్తే మామూలుగా ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ దానికి దాదాపు 10 రెట్లు వెలుతురు తెస్తుంది. కొత్త కెమెరా కంటే ముందు అది కొనుక్కోండి. వెలుతురు తక్కువైనప్పుడు పెంచే ఐఎస్ఓ 3200కి వెళ్లినా భయపడొద్దు, కాస్త గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు గరుకు, ఉన్నా ముఖం ముఖంలా ఉంటే చాలు. వెనక చీకటి ఎక్కువైతే కెమెరా మోసపోయి ముఖాన్ని తెల్లగా పాలిపోయేలా చేస్తుంది, కాబట్టి ఒక్క చిన్న చోటే వెలుతురు కొలిచే స్పాట్ మీటరింగ్ పెట్టి చెంప మీద కొలవండి. సభలో కాస్త కుడివైపుకి కూర్చోండి. మృదంగం మామూలుగా మనకు ఎడమవైపు ఉంటుంది, అది వాయించే ఆయన ముఖం మనవైపు తిరిగి కనబడుతుంది. గాయని నోటికి మైకు అడ్డం కూడా తప్పుతుంది.

ఆలాపనలో టకటక శబ్దం వినపడకూడదని సైలెంట్ షట్టర్ పెడతాం. అక్కడ ఒక చిక్కుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. సైలెంట్ షట్టర్ ఫోటోని వరుసవరుసగా చదువుతుంది కాబట్టి, షట్టర్ సెకనులో 1/500 వంతు పెడితే ఫోటో మీద అడ్డగీతలు పడతాయి. 1/100కో 1/50కో దిగితే చాలావరకు పోతాయి. మరి అంత నెమ్మదిగా తీస్తే మృదంగం మీద చెయ్యి పొగలా అలికిపోదా అని అడుగుతారు. అలికిపోతుంది, మీరు ఎప్పుడుపడితే అప్పుడు నొక్కితే.

తాళం వేస్తూ వినండి. గాయని ఒక స్వరం మీద కార్వ ఇచ్చి నిలబెట్టినప్పుడు తల, గడ్డం, చెయ్యి అన్నీ దాంతోపాటే నిలుస్తాయి. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగం, దాని చివర ముగింపు జతి అయిన ముక్తాయింపు మూడుసార్లు వస్తుంది. మొదటిసారి శ్రద్ధగా వింటే మూడోది ఎక్కడ పడుతుందో ముందే తెలుస్తుంది. కెమెరా కంటికి ఆనించి, మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి ఉండండి. ఆ ఆఖరి దెబ్బ పడగానే విద్వాంసుడి అరచెయ్యి గాల్లో ఒక్క లిప్త ఆగుతుంది. వయొలిన్ వాయించే ఆమె ఆయన వైపు చూసి నవ్వుతుంది. 1/50కి కూడా ఆ చెయ్యి గీత గీసినట్టు వస్తుంది, మృదంగానికి పూసే రవ్వ పిండి గోటి మీద అంటుకున్నదానితో సహా.

ఈసారి కచేరీకి వెళ్లినప్పుడు మొదటి రెండు కీర్తనలు కెమెరా సంచిలోనే ఉంచి, తొడ మీద ఆదితాళం వేస్తూ కూర్చోండి. మూడో కీర్తనకి బయటకు తీయండి.