శిక్ష ముగిసిన మరునాడు
(హనుమకొండలో న్యాయశాస్త్ర విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

మిత్రులారా, ఉగ్రవాద కేసు అనగానే అరెస్టు గురించి, శిక్ష గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. ఆ మనిషి బయటికొచ్చే రోజు సంగతి ఎవరికీ పట్టదు. కానీ శిక్షకు గడువున్న ప్రతి ఖైదీకీ ఆ రోజు వస్తుంది.

బ్రిటన్‌లో ఉగ్రవాద కేసులో శిక్షపడిన ఉస్మాన్ ఖాన్ అనే ఖైదీ 16 ఏళ్ల శిక్షలో సగం గడవగానే 2018 డిసెంబరులో విడుదలయ్యాడు. ఖైదీని వదిలితే ప్రమాదమా కాదా అని తేల్చే పెరోల్ బోర్డు అతన్ని చూడనే లేదు. మనసు మార్చే కోర్సులు జైల్లో చేశాడు. బయట ఒంటిమీద ఎక్కడున్నాడో చెప్పే ట్యాగు, వెనక పోలీసులు, విడుదలైనవారి బాగోగులు, నడవడిక చూసే ప్రొబేషన్ అధికారులు. అయినా 2019 నవంబరు 29న లండన్‌లో, ఖైదీల చదువు కోసం పెట్టిన సభకే వెళ్లి, ఒక యువకుణ్నీ ఒక యువతినీ పొడిచి చంపాడు. ఖైదీలు మారతారని నమ్మి పనిచేసిన పిల్లలు వాళ్లు! తర్వాత 2020 ఫిబ్రవరిలో, విడుదలైన పది రోజులకే మరొక ఉగ్రవాద ఖైదీ లండన్‌లోని స్ట్రెథమ్‌లో కత్తి దూశాడు. ఆ నెలలోనే చట్టం మారింది. మూడింట రెండు వంతుల శిక్ష పూర్తవ్వాలి, ఆపైన పెరోల్ బోర్డు ఒప్పుకోవాలి. 2021లో ఇంకా బిగించారు. అతి తీవ్రమైన కేసుల్లో కనీసం 14 ఏళ్ల జైలు, విడుదలయ్యాక 25 ఏళ్ల వరకు నిఘా.

బోర్డు పరిశీలన పెట్టడం మంచి పనే. శిక్ష పెంచితే మాత్రం విడుదల రోజు ఆలస్యమవుతుందే తప్ప రాకుండా పోదు.

మన దగ్గర చిక్కు వేరు. ఉగ్రవాద కేసుల్లో వాడే ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టంలోని 43డి(5) సెక్షన్ వల్ల బెయిల్ దొరకడం కష్టం. నేరం రుజువు కాకుండానే ఏళ్లు గడుస్తాయి. విచారణ అంతులేకుండా సాగితే బెయిల్ ఇవ్వొచ్చని 2021లో నజీబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. దోషో కాదో తేలని మనిషికి ఏ సంస్కరణ కార్యక్రమం పెడతారు? అదే ఏడాది ఆస్పత్రి కోసం మన వరంగల్ సెంట్రల్ జైలును కూల్చి, ఖైదీలను వేరే జైళ్లకు తరలించారు. ఆస్పత్రి కావాల్సిందే, కాదనను. కానీ ములాఖత్‌కు కూలి పోగొట్టుకుని దూరం వెళ్లాల్సిన తల్లి ఎన్నిసార్లు వెళ్లగలదు? మనిషిని హింస నుంచి వెనక్కి లాగేది ఏ కోర్సు కన్నా ముందు ఆ తల్లే.

ఉత్తర తెలంగాణకు ఈ విషయంలో అనుభవం ఉంది. అడవి నుంచి వచ్చి లొంగిపోయినవారికి ప్రభుత్వం డబ్బు, పునరావాసం ఇస్తోంది. శిక్ష పూర్తిగా అనుభవించి వచ్చినవాడికి ఆ స్థాయి ఆసరా ఏదీ? అతనికి మిగిలేది స్టేషన్ నుంచి వచ్చే పిలుపు, ఇల్లు అద్దెకు ఇవ్వని వీధి. విడుదలకు ఏడాది ముందే ప్రొబేషన్ అధికారి అతని ఊరికి వెళ్లాలి. ఇంట్లోవాళ్లతో, పని ఇవ్వగలిగినవాళ్లతో మాట్లాడాలి. నిఘా అవసరమైతే ఎంతకాలమో, ఎందుకో కోర్టు రాసివ్వాలి. దీనికి కావలసిన నియామకాల గురించి మన ఎమ్మెల్యేలను ఇప్పుడే అడుగుదాం.